అడవి మాంత్రికులా, అటవీశాఖా?

ముందే చెప్పేస్తున్నాను, ఇది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలు ఆడేవాళ్ళ కోసం రాస్తున్న టపా. అవేంటో తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో: నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర వేస్తారు, ఒకడు లోకాన్ని కల్పిస్తాడు, ఎవరి పని ఏమవుతుందో పాచికలు తేలుస్తాయి. మా జట్టులో లోకాన్ని కల్పించేవాణ్ణి నేను. వారమంతా డేటాబేసులు చూసుకుంటాను, శనివారం రాత్రి కొండాపూర్లో ఒక స్నేహితుడి ఫ్లాట్లో దేవుణ్ణి :)

ఇలా లోకాలు కట్టే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఒక అడవి మాంత్రికుల మఠం తయారుచేస్తాడు. నేనూ చేశాను. మూస మీకు తెలిసిందే: ఆకుపచ్చ అంగీలు, వంకర కర్ర, వెంట ఒక తోడేలు, అడవి నడిమధ్యలో వెయ్యేళ్ళ చెట్టు. ఆశయం ఏంటయ్యా అంటే "ప్రకృతి సమతౌల్యాన్ని కాపాడుట". నా గొడవంతా ఈ ఒక్క వాక్యంతోనే. దీనితో మొదలెట్టి కట్టినది మాంత్రికుల మఠం కాదండీ, కర్రలు పట్టుకున్న గార్డుల క్వార్టర్స్.

ఎందుకంటున్నానో చెప్తాను. నేను రాసిన మఠం నియమావళిలో మొదటి లైను "అడవిని నరికేవాడు మన శత్రువు". మూడో వారం ఆటలో మావాళ్ళకి అడవిలో బొగ్గు బట్టీలు పెట్టుకున్న ఆరు గుడిసెలు కనబడ్డాయి. నియమం ప్రకారమే చేశారు పాపం. ఇరవై నిమిషాల్లో గుడిసెలు బూడిద. నేను పాయింట్లు కూడా ఇచ్చాను! అంతా అయ్యాక జట్టులో ఎప్పుడూ పెద్దగా మాట్లాడని అమ్మాయి ఒకటడిగింది: "మరి ఈ అడవి పక్క ఊళ్ళో వాళ్ళు చలికాలం పొయ్యిలో ఏం పెట్టుకోవాలి?" నా దగ్గర జవాబు లేదు. తప్పు ఆడినవాళ్ళది కాదు, స్పెసిఫికేషన్‌ది.

సరే, ఈ మూస ఎక్కడ్నించి వచ్చింది? డ్రూయిడ్ అనే పాత్రని ఆడేవాళ్ళకి ఇచ్చింది 1976లో వచ్చిన ఎల్డ్రిచ్ విజార్డ్రీ అనే అనుబంధ పుస్తకం. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ దాన్ని ఇంకా బిగించింది. లోహ కవచం తొడగకూడదు, తటస్థుడిగానే ఉండాలి. పన్నెండో మెట్టు మీద తొమ్మిది మందే ఉండాలి, ఆ పైన ముగ్గురు ఆర్చ్‌డ్రూయిడ్లు, అందరి పైన ఒకే ఒక్క గ్రేట్ డ్రూయిడ్. ఖాళీ లేకపోతే పైవాణ్ణి పోరులో ఓడించి వాడి కుర్చీ ఎక్కాలి. మన అప్రైజల్ సీజను నయం కదా! అయితే చూడండి, బట్టల గురించి నియమం ఉంది, ప్రమోషన్ గురించి ఉంది. అడవిలో కట్టె కొట్టుకునే హక్కు ఎవరిదన్న దాని గురించి ఒక్క ముక్క లేదు.

డ్రాగన్‌లాన్స్ లోకంలో మాంత్రికుల మఠం ఇంతకన్నా గట్టిగా కట్టిందే, ఒప్పుకుంటాను. తెలుపు, ఎరుపు, నలుపు అంగీలవాళ్ళు ఒకే కట్టుబాటు కింద ఉంటారు. చేరాలంటే పరీక్ష, అందులో ప్రాణం పోవచ్చు. అంటే శక్తికి ఒక వెల ఉంది. కానీ వాళ్ళ వేరెత్ బురుజు చుట్టూ ఉన్న అడవి చేసే పనేమిటి? రావద్దన్నవాణ్ణి రానివ్వకపోవడం. అంటే కాంపౌండ్ వాల్, కాకపోతే ఆకులుంటాయి.

ఇప్పుడు అసలు డ్రూయిడ్ల దగ్గరికి వద్దాం. వాళ్ళ గురించి రోమన్లు రాసిందే ఎక్కువ. తెల్లబట్టలు, ఓక్ చెట్టెక్కి బంగారు కొడవలితో బదనిక కోయడం, ఇదంతా ప్లినీ రాసిన బొమ్మ. ఆటలవాళ్ళు దాన్ని భద్రంగా తెచ్చుకున్నారు. అంతకు నూరేళ్ళకు పైగా ముందు సీజర్ రాసింది ఇంకోటి ఉంది: గాల్ దేశంలో డ్రూయిడ్లు న్యాయమూర్తులు. వారసత్వం తగాదా అయినా, పొలిమేర తగాదా అయినా వాళ్ళే తీర్పు చెప్పాలి. తీర్పు వినని వాణ్ణి బలులకు రానివ్వరు, అంటే వెలి. ఏడాదికోసారి కార్నూటుల సీమలో ఒక పవిత్ర స్థలంలో కూర్చుని తగవులు వింటారు. విద్య కాగితం మీద పెట్టరు, కొందరు ఇరవై ఏళ్ళ పాటు బట్టీ పడతారు. సీజర్ శత్రుపక్షం వాడు, అతని మాట కొంచెం తగ్గించే తీసుకోండి. అయినా ఆట కట్టేవాడికి కొడవలి ఎక్కువ పనికొస్తుందా, కోర్టు పనికొస్తుందా? మనం ప్లినీ దగ్గర వేషం తీసుకుని, సీజర్ దగ్గర ఉద్యోగం వదిలేశాం.

ఇంగ్లండు అడవుల సంగతి ఇంకా బావుంటుంది. నార్మన్ రాజుల కాలంలో "ఫారెస్ట్" అంటే చెట్లున్న చోటు అని కాదు, రాజు వేట కోసం ప్రత్యేక చట్టం పెట్టిన నేల అని. జింకని చంపితే కళ్ళో కాళ్ళో ప్రాణమో పోయేది. 1217లో మూడో హెన్రీ పేర వచ్చిన అడవుల చార్టర్ ఆ శిక్షల్ని ఎత్తేసింది. ఇక నుంచి జరిమానా, కట్టలేకపోతే ఏడాది మీద ఒకరోజు జైలు. ఏడాదికి మూడు సభలు పెట్టమంది. శరదృతువులో పందుల్ని ఓక్ కాయలు మేయడానికి తోలే ముందు ఒకటి, ఆ మేతకి రుసుం వసూలు చేసేటప్పుడు ఒకటి, జింకలు ఈనే ముందు ఒకటి. పంది మేత మీద ఒక సభ! ఇంతకన్నా మంచి కథావస్తువు ఏ డ్రాగను ఇస్తుంది చెప్పండి?

ఇంకో సంగతి. ఆ దేశంలో చాలా పాత అడవులు నరకబట్టే మిగిలాయి. హేజెల్ లాంటి చెట్టుని మొదలు దాకా కొడితే మళ్ళీ పిలకలేస్తుంది, ఏడెనిమిదేళ్ళకో ఇంకాస్త ఆగో మళ్ళీ కొట్టొచ్చు. అడవిని వంతులుగా పంచి ఏడాదికో వంతు కొడుతూ వందల ఏళ్ళు నడిపారు. వంతు మీరి కొట్టినా, కొట్టిన చోట పశువుల్ని తోలినా పిలకలు చస్తాయి. కాబట్టి అడవిని నిలబెట్టేది గొడ్డలి లేకపోవడం కాదు, గొడ్డలికి ఒక లెక్క ఉండటం.

"ఆట ఆటలా ఆడక ఈ రాజకీయాలెందుకు గురూ" అని మా జట్టులోనే ఒకడన్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెప్తాను. మా పెదనాన్న అడవిలో గార్డుగా చేసేవాడు. కట్టెల మోపులతో వచ్చే ఆడవాళ్ళ దగ్గర కత్తులు లాక్కుని గదిలో ఒక మూల పడేసేవాడు. నా చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆ కుప్ప చూసి నాకదేదో వీరుడి ఆయుధాగారంలా ఉండేది. ఆ పట్టుకున్న మోపుల్లోంచే నాలుగు కట్టెలు మా పెద్దమ్మ పొయ్యిలోకి వచ్చేవని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. పెదనాన్న చెడ్డవాడు కాదు. అడవిని కాపాడుతున్నానని మనస్ఫూర్తిగా నమ్మాడు. మూడో వారం ఆటలో గుడిసెలు తగలెట్టిన మావాళ్ళూ అచ్చం అలాగే నమ్మారు. ఆ నమ్మకాన్ని వాళ్ళకి రాసిచ్చింది నేను.

మనకిది కొత్తదా? 1882 మద్రాసు అటవీ చట్టం మన్యంలో పోడుకీ, అడవి మీద బతుకుకీ అడ్డం పడింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనం లేచిన కారణాల్లో అదొకటి. అడవిలో ఉండేవాళ్ళ హక్కుల్ని గుర్తిస్తూ పార్లమెంటు చట్టం చేసేసరికి 2006 వచ్చింది. ఇంత చరిత్ర పక్కన పెట్టుకుని కూడా, మనం బల్ల దగ్గర కూర్చుని అడవి అనగానే మనుషుల్లేని అడవిని ఊహిస్తున్నాం చూడండి, అదీ నా బాధ.

అలాగని ఊరివాళ్ళందరూ బుద్ధిమంతులని నేననను. ఇనుము బట్టీ పెట్టినవాడు గుట్టంతా బోడి చేసేయగలడు. రాత్రిపూట వంతు దాటి కొట్టేవాడు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. అందుకే కదా కోర్టు కావాలంటున్నది!

విమర్శించి ఊరుకుంటే ఎలా, నేను తిరగరాసిన మఠం ఇదిగో. అడవి పన్నెండు వంతులు, ఏడాదికి ఒక వంతే కొట్టాలి. మంత్రానికి కట్టె కావాలి, అదీ ఆ ఏటి వంతులోంచే, ఊరివాళ్ళు పొయ్యిలోకి తీసుకునే కుప్పలోంచే. పెద్ద మంత్రం వేస్తే ఎవరింట్లోనో చలికాలం పొయ్యి వెలగదు, అది ఎవరిల్లో పేరుతో సహా తెలుస్తుంది. ఏడాదికి మూడు సభలు, తీర్పులో సగం ఓట్లు ఊరివాళ్ళవి. హద్దుల రికార్డంతా ఒక ముసలి మాంత్రికురాలి జ్ఞాపకంలోనే ఉంటుంది. బ్యాకప్ లేదు. ఆవిడకి ఈమధ్య మతిమరుపు మొదలైంది.

ఇదే జట్టుతో మళ్ళీ ఆడించాను. వరద ఆపడానికి మంత్రం వేయాలి, దానికి ఒక విధవరాలి వంతు కట్టె మొత్తం పోతుంది. ఒక్క కత్తి దూయలేదు, మూడు గంటలు కొట్టుకున్నారు. "రాజకీయాలెందుకు గురూ" అన్నవాడే చివరికి ఊరి తరఫున వకాల్తా పుచ్చుకుని రాత్రి ఒంటిగంట దాకా వాదించాడు.

కాబట్టి మహానుభావులారా, ఈసారి అడవి మాంత్రికుల్ని తయారుచేసేటప్పుడు అంగీ రంగు తర్వాత చూసుకోండి. ముందు ఒక కాగితం మీద ఇది రాయండి: ఈ అడవిలో ఎవరు ఏం తీసుకోవచ్చు, ఎంత, ఎప్పుడు, కాదన్నవాడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి. ఇది రాయలేకపోతే మీ మాంత్రికుల చేతిలో కర్ర ఉండదు, లాఠీ ఉంటుంది.

మా ఆటలో ఆ ఆరు గుడిసెలు ఇంకా బూడిదగానే ఉన్నాయి. మ్యాపులోంచి తీసేద్దామని ఒకరన్నారు. ఒప్పుకోలేదు. వచ్చే సభలో మొదటి ఫిర్యాదు వాళ్ళదే.