రెండో వారం ప్రేక్షకుడు

శుక్రవారం తొలి ఆట వదిలేసరికి హాలు గేటు దగ్గర మైకులు సిద్ధంగా ఉంటాయి. ఆఖరి పాట ఇంకా చెవుల్లో ఉండగానే కుర్రాళ్లు తీర్పు చెప్పేస్తారు. అసలు అంతకు ముందే, అమెరికా ప్రీమియర్ల టాక్ రాత్రికి రాత్రే మా తణుకు చేరిపోయి ఉంటుంది. ఈ హడావుడిలో మాట వినబడని మనుషులు కొందరున్నారు. ఆదివారం కొట్టు కట్టేసి సెకండ్ షోకి వెళ్లే వ్యాపారి, మిల్లులో డ్యూటీ దిగి రెండో వారంలో భార్యాపిల్లల్ని తీసుకెళ్లే కార్మికుడు, పండక్కి వచ్చిన అల్లుడితో కలిసి బయల్దేరే కుటుంబం. వీరికి అభిమాన సంఘాల గొడవ లేదు, సమీక్షలు రాసే పనీ లేదు. ఏడాదికి నాలుగైదు సినిమాలు చూస్తారు. ఊళ్లోని నరేంద్ర సెంటర్లో టీ తాగుతూ “ఒకసారి చూడొచ్చండి” అనో, “ఫస్టాఫ్ బానే ఉందండి, సెకండాఫే లాగేశాడు” అనో తేల్చేస్తారు.

ఆ రెండు ముక్కల వెనక ఎంత పరిశీలన ఉందో కాస్త కదిపితే తెలుస్తుంది. సినిమా ఇక్కడివాళ్లకు దూరపు సంగతి కాదు. హాస్యనటుడు రేలంగి మా పక్కనున్న తాడేపల్లిగూడెంలో తన పేరుతోనే హాలు కట్టించారు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు పాలకొల్లు వాళ్లు. సినిమావాళ్లను ఇరుగుపొరుగు వాళ్లలా చూడడం ఇక్కడ ఏనాటి నుంచో ఉంది. అందుకే పొగడ్తలోనూ తిట్టులోనూ ఒక చనువు ఉంటుంది.

2024 ఆగస్టు 9న వచ్చిన ‘కమిటీ కుర్రోళ్ళు’నే తీసుకోండి. దర్శకుడు యదు వంశీ, నిర్మాత నిహారిక కొణిదెల, తెర మీద ఎక్కువమంది కొత్త కుర్రాళ్లు. పన్నెండేళ్లకోసారి వచ్చే జాతర, రిజర్వేషన్ల పేరుతో, కులం పేరుతో విడిపోయిన చిన్ననాటి స్నేహితులు, ఇదీ కథ. హైదరాబాదులో చూసినవారికి అది బాల్య జ్ఞాపకాల సినిమా. మా గోదావరి డెల్టా మనిషి చూపు వేరు. కుర్రాళ్ల యాస ఇంట్లో పుట్టిందా, షూటింగులో నేర్పిందా? జాతరలో ఏ వీధివాళ్లు ఎక్కడ నిలబడతారో తీసినవాళ్లకు తెలుసా? ఇవన్నీ చెప్పుకొచ్చాక మాట కులం దగ్గరికి వస్తుంది. ప్రవేశ పరీక్షల ర్యాంకులొచ్చిన రోజుల్లో స్నేహితుల మధ్య ఏం జరుగుతుందో అతనికి సినిమా చెప్పనక్కర్లేదు, తన బ్యాచ్‌లో చూశాడు. ఆ భాగం నిజాయితీగా చెప్పారని ఒకరంటే, మొహమాటపడి రాజీ చేసేశారని అదే బల్ల దగ్గర ఇంకొకరంటారు. బయట మాట్లాడుకోని సంగతిని నలుగురి మధ్యకు తెచ్చినందుకే ఆ సినిమా మాకు విలువైనదిగా కనబడుతుంది.

2025 సంక్రాంతికి ‘గేమ్ ఛేంజర్’, ‘డాకు మహారాజ్’, ‘సంక్రాంతికి వస్తున్నాం’ రోజు విడిచి రోజు వచ్చాయి. వీటిలో మూడోది మన రాజమండ్రి అత్తారింటి కథ. వసూళ్లు మూడొందల కోట్లు దాటాయని నిర్మాతలు ప్రకటించారు. ఇళ్లకు ఇళ్లు కదిలివెళ్లి నవ్వుకున్నాయి. అయితే పసివాడు బుల్లిరాజు నోట ఆ బూతులేమిటన్న బాధ తల్లులకు కలిగింది. నవ్వినందుకు ఆ బాధ అబద్ధమైపోదు. రెండూ కలిస్తేనే ఆ ప్రేక్షకురాలి అభిప్రాయం పూర్తవుతుంది. వసూళ్ల పట్టికలో మొదటి సగమే ఎక్కింది.

ఇక, అదే ఏడాది మార్చి 14న వచ్చిన ‘కోర్ట్’. రామ్ జగదీశ్‌కు దర్శకుడిగా తొలి సినిమా. శివాజీ వేసిన మంగపతిని చూసి, అలాంటి పెద్దమనిషి తమ బంధువుల్లోనూ ఉన్నాడని తలచుకోని ఇల్లు అరుదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టేందుకు 2012లో వచ్చిన పోక్సో చట్టం దృష్టిలో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలేనని, ఆ వయసులో అమ్మాయి ఇష్టపడిందన్న మాట చెల్లదని టీనేజీ పిల్లలతో తల్లిదండ్రులు మాట్లాడుకోవడానికి ఆ సినిమా ఒక సందు ఇచ్చింది. 2023లో ‘బలగం’ను తెలంగాణ పల్లెల్లో తెరకట్టి ఊరంతా కలిసి చూసినప్పుడూ ఇలాగే జరిగింది. అన్నదమ్ముల పట్టింపుల గురించి జనం తమ ఇళ్లలో మాట్లాడుకున్నారు. ఇలాంటి అభిప్రాయం గేటు దగ్గర పుట్టదు. ఇంటికెళ్లి, అన్నం తిని, నాలుగు రోజులు పని చేసుకున్నాక పుడుతుంది.

తొలి రోజు తీర్పులు నష్టపరుస్తున్నాయని 2024 నవంబరులో తమిళ నిర్మాతలు హాళ్ల ఆవరణలో సమీక్షకులను ఆపాలన్నారు. మొదటి మూడు రోజులూ ఆన్‌లైన్ సమీక్షలు వద్దంటూ కోర్టుకూ వెళ్లారు. మద్రాసు హైకోర్టు నిషేధానికి ఒప్పుకోలేదు, సబబే. ఎవరి నోరూ నొక్కనక్కర్లేదు. నెమ్మదిగా వచ్చే ప్రేక్షకుడు వచ్చేదాకా సినిమా హాల్లో ఉంటే చాలు.

అదే కష్టమవుతోంది. 2025 సెప్టెంబరులో ‘ఓజీ’ బెనిఫిట్ షో టికెట్టుకు వెయ్యి రూపాయల దాకా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతిచ్చింది. తర్వాత పది రోజులు సింగిల్ స్క్రీన్లలో నూట పాతిక పెంచుకోవచ్చంది. నలుగురున్న ఇంటికి పెంపు ఒక్కటే ఐదొందలు. సరే, ధర దిగాక వెళ్దామనుకుంటే ఆటలు తగ్గిపోతాయి. ‘కోర్ట్’ విడుదలైన నాలుగు వారాలకే, ఏప్రిల్ 11న, నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేసింది. “ఓటీటీలో చూద్దాంలే” అని ఇల్లాలు అంటే అది బద్ధకం వల్ల కాదు. లెక్క చూసుకునే అంటోంది.

పెంపు ఇచ్చే ప్రతి జీవోలోనూ కింది తరగతి టికెట్టును పాత ధరకే ఉంచాలన్న వాక్యం ఒకటి చేర్చడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు. అద్దె పద్ధతా, పర్సంటేజీయా అన్న వివాదంతో 2025 మేలో హాళ్లు మూసేస్తామనే దాకా వెళ్లిన ఎగ్జిబిటర్లు, డిస్ట్రిబ్యూటర్లు ఈసారి కూర్చున్నప్పుడు, చిన్న సినిమాకు రెండో వారమంతా రోజుకొక ఆటైనా, అదీ కుటుంబాలు రాగలిగే ఫస్ట్ షో, మిగిల్చే సంగతి కూడా మాట్లాడుకోవాలి.