చదివేవారికి ఉచితం, రాసేవారికి సుంకం

నిజామాబాద్ జిల్లా బీడీ కార్మిక స్త్రీల మధ్య నాలుగేళ్ళు తిరిగి రాసిన పరిశోధనా వ్యాసాన్ని ఒక ఆన్‌లైన్ ప్రచురణ సంస్థకు పంపాను. ‘ఓపెన్ యాక్సెస్’ పత్రిక అన్నారు. అంటే పైసా ఇవ్వకుండా ఎవరైనా చదువుకోవచ్చు. మూడో రోజుకే ‘అంగీకరించాం’ అని జవాబు. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క సవరణ లేదు. కిందనే 22 వేల రూపాయల బిల్లు! గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్‌ని నేను. సెలవుల్లో ఆ జీతం కూడా ఉండదు.

కంపెనీ ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బుతో కొని బీడీలు చుట్టి ఇచ్చే అక్కలు గుర్తొచ్చారు. పనీ మనదే, ఖర్చూ మనదే!

ఓపెన్ యాక్సెస్ ఆశయానికి నేను వ్యతిరేకిని కాను. ప్రతిఫలం ఆశించకుండా రాసే పరిశోధన అందరికీ ఉచితంగా అందాలని 2002లో బుడాపెస్ట్ ప్రకటన కోరింది. చందాలు కట్టలేని గ్రంథాలయాల్లో చదువుకున్న మాకు అది గొప్ప మాట. కాని వ్యాపారులు తాళం తీయలేదు, పాఠకుల తలుపు నుంచి రచయితల తలుపుకు మార్చారు. 2021లో ‘నేచర్’ పత్రిక ఒక్క వ్యాసానికి పెట్టిన రుసుము 9,500 యూరోలు, అప్పటి లెక్కన 8 లక్షల రూపాయల పైమాటే. పెద్దల తీరు అది. ఇక మోసాల సంగతి చూడండి. హైదరాబాదుకు చెందిన వేరొక ప్రచురణ సంస్థ రచయితలను మోసగించిందని 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పునిచ్చింది.

ఈ ఊబిలోకి మమ్మల్ని తోసిందెవరు? పీహెచ్‌డీకి ముందు వ్యాసం అచ్చవ్వాలన్న నిబంధనను యూజీసీ 2022లో తొలగించింది. అయినా ఉద్యోగాల దగ్గర లెక్కపెట్టేది అచ్చయిన వ్యాసాలనే. నమ్మదగిన పత్రికలంటూ పెట్టిన ‘కేర్’ జాబితాను 2025లో ఎత్తేసింది. మంచి చెడ్డా తేల్చుకునే భారం ఇప్పుడు ఒంటరి పరిశోధకురాలిదే.

‘ముందే కనుక్కోవలసింది’ అన్నారు సీనియర్ సార్లు. వాళ్ళు సదస్సుల్లో పరిచయాలు పెంచుకుంటున్నప్పుడు మేం పిల్లలను నిద్రపుచ్చి అర్ధరాత్రి రాసుకుంటున్నాం. మాకెవరు చెప్పారు? మోసపోయిన స్త్రీనే తప్పు పట్టడం ఈ సమాజానికి కొత్తా?

రచయిత నుంచి రుసుము అడగని పత్రికలున్నాయి. 2003లో మొదలైన ఓపెన్ యాక్సెస్ పత్రికల డైరెక్టరీ, డీఓఏజేలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం అలాంటివే. పంపేముందు అందులో చూడండి. రుసుమెంతో, వ్యాసాన్ని ఎవరు పరిశీలిస్తారో రాతపూర్వకంగా అడగండి. కాని వ్యక్తిగత జాగ్రత్త ఒక్కటే చాలదు. అంతర్జాతీయ ప్రచురణకర్తల చందాల కోసం 2025 నుంచి మూడేళ్ళకు 6,000 కోట్లు కేటాయించిన కేంద్ర ప్రభుత్వానికి, మన విశ్వవిద్యాలయాల్లో రుసుము లేని పత్రికలను తెలుగులో కూడా నడిపించడం అసాధ్యమా?

నేను డబ్బు కట్టలేదు. వ్యాసం వెనక్కి ఇమ్మంటే దానికీ రుసుమన్నారు. అదీ కట్టను. ఆ వ్యాసాన్ని తెలుగులో రాసి బీడీ అక్కలకు చదివి వినిపించాను. సంగతంతా విని ఒకామె అడిగింది: ‘‘మా ముచ్చట చెప్పెతందుకు గూడ పైసలు కట్టాల్నా?’’

ఆ ప్రశ్నకు విశ్వవిద్యాలయాలు జవాబు చెప్పాలి. చెప్పేదాకా మనం కలిసి అడగాలి.