బోర్డుకి తెలుగు రాదా, మనం నేర్పలేదా?

మాది శ్రీరాంపూర్. మంచిర్యాల పక్కన, సింగరేణి బాయిల నడుమ ఉంటుంది. మా బాపు బాయి పని చేస్తాడు. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. తెలుగు పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలడు గానీ, ఇంగ్లీషు బోర్డు చూస్తే పక్కవాళ్లను అడుగుతాడు.

పోయిన సెమిస్టర్‌లో మా బ్యాచ్ మినీ ప్రాజెక్టు ఎల్ఈడీ డిస్‌ప్లే బోర్డు. నాలుగు పీ10 ప్యానెళ్లు, ఒక ఆర్డునో ఊనో, విడిగా 5 వోల్టుల పవర్ సప్లై. ఒక్కో ప్యానెల్‌లో 32 నిలువు వరుసలు, 16 అడ్డ వరుసలు, అంటే 512 చుక్కలు. అన్నీ ఒకేసారి వెలగవు. ఏ క్షణంలో చూసినా నాలుగో వంతు వరుసలే వెలుగుతాయి, కానీ అవి ఎంత వేగంగా మారతాయంటే మన కంటికి బోర్డంతా వెలిగినట్టే కనబడుతుంది. ఇంగ్లీషులో మా ఊరి పేరు ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. సంబరంగా వీడియో తీసి ఇంటికి పంపాను. బాపు ఫోన్ చేసి అడిగాడు: "లైట్లు మంచిగున్నయ్ బిడ్డా. గని ఏం రాసినవ్?"

మన ఊరి పేరే బాపూ అన్నాను. "మరి తెలుగుల రాయకపోయినవ్" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు తెలుగులో రాశాం. పేరు ముక్కలు ముక్కలుగా వచ్చింది. 'శ' ఒక చోట, పొల్లు ఒక చోట, 'ర' ఇంకో చోట, గుడిదీర్ఘం గాల్లో! తప్పు చిప్‌ది కాదు. మన కంటికి 'శ్రీరాంపూర్' నాలుగే ముక్కలు: శ్రీ, రాం, పూ, ర్. యూనికోడ్‌లో అవి 11 సంకేతాలు, యూటీఎఫ్-8లో 33 బైట్లు. 'శ్రీ'లో అందరికంటే చివర వచ్చే గుడిదీర్ఘం అన్నిటికంటే పైన కూర్చోవాలి, దానికి ముందొచ్చే ర-వత్తు కిందికి దిగాలి. ఫోన్‌లో ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది. మా ఊనోలో అది లేదు. ఉన్నదల్లా 2 కేబీ ర్యామ్, 32 కేబీ ఫ్లాష్.

"అందుకే ఇంగ్లీషు పెట్టేద్దాం, అందరికీ అర్థమవుతుంది" అన్నాడు మా టీమ్‌లో ఒకడు. ఆ మాటతోనే నాకు పేచీ. ఆ 'అందరిలో' మా బాపు లేడు. ఇంగ్లీషు సులువుగా వచ్చింది అది గొప్ప లిపి కావడం వల్ల కాదు. దాని 95 గుర్తులనూ 5×7 చుక్కల్లో గీసి, లైబ్రరీలో ముందే పెట్టినవాళ్లున్నారు. మొత్తం 475 బైట్లు. మనకు అలా గీసి పెట్టినవాళ్లు తక్కువ, అంతే తేడా.

మేం చేసిన పని చాలా మామూలుది. ప్యానెళ్లను రెండు మీద రెండు పేర్చాం. ఎత్తు 32 వరుసలైంది, ఒత్తుకీ గుడికీ చోటు దొరికింది. సందేశాన్ని కంప్యూటర్‌లోనే బొమ్మగా గీసి, చుక్కలుగా మార్చి ఫ్లాష్‌లో పెట్టాం. ఒక్కో బొమ్మ 256 బైట్లు. వంద సందేశాలు పెట్టినా 25,600 బైట్లే. మారే అంకెలను మాత్రం విడిగా గీసి అతికించాం. అసలు కష్టం గీయడంలోనే ఉంది. 'ప'కి తలకట్టు విడిగా ఉండాలి, 'వ'కి కలవాలి. మధ్యలో ఒక్క చుక్క ఎక్కువ వెలిగితే 'ప' కాస్తా 'వ' అయి కూర్చుంటుంది.

ఇది భాషాభిమానం కబురు మాత్రమే కాదు. 1952 గనుల చట్టం అమల్లో ఉన్నప్పుడు అదే చెప్పింది, చట్టం సారాంశాన్ని ఇంగ్లీషుతో పాటు నిర్దేశించిన ఇతర భాషలో కూడా గని దగ్గర అతికించి ఉంచాలని. కాగితానికి ఇచ్చిన ఆ మర్యాద కరెంటు బోర్డుకి ఎందుకు ఉండకూడదు? బాయి లోపల సంగతి వేరు. అక్కడ మీథేన్ భయం ఉంటుంది, అనుమతి పొందిన పరికరాలే వాడాలి. నేనంటున్నది పైన, మస్టర్ పడే చోట, బస్టాపులో, ఆసుపత్రి వరండాలో వెలిగే బోర్డుల గురించి. హెచ్చరిక చదవాల్సినవాడు చదవలేకపోతే అది హెచ్చరిక కాదు, దీపాలంకరణ.

ఖర్చు పెరుగుతుందంటారా? నిజమే, రెండు ప్యానెళ్ల చోట నాలుగు కావాలి. బొమ్మగా దాస్తే కొత్త వాక్యం అప్పటికప్పుడు టైపు చేయలేమంటారా? అదీ నిజమే. దానికి ఇంకాస్త మెమరీ ఉన్న ఈఎస్పీ32 లాంటి చిప్, చుక్కల్లో గీసిన పూర్తి గుణింతం, ఒత్తులు కావాలి. అది ఒక్కరు చేసే పని కాదు.

అందుకే మన క్లబ్‌కి ఒక విన్నపం. కోడ్ మేం రాస్తాం. అక్షరాలు మీరు గీయండి, తప్పులు మీరే పట్టండి. పరీక్ష మాత్రం మన ల్యాబ్‌లో వద్దు. యాభై దాటినవాళ్లను ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి చదివిద్దాం. తడుముకోకుండా చదివితేనే ఆ అక్షరం పాసైనట్టు. మన కాలేజీలో ఇకపై ఏ డిస్‌ప్లే ప్రాజెక్టైనా మొదటి మాట తెలుగులో వెలగాలన్నది నా రెండో కోరిక.

రెండో వీడియో పంపినప్పుడు బాపు వెంటనే ఫోన్ చేశాడు. "శ్రీరాంపూర్" అని చదివి, కాసేపాగి, "పూర్‌ల దీర్ఘం జర చిన్నగైంది, సూస్కో" అన్నాడు.

చూశాను. నిజంగానే ఒక చుక్క తక్కువైంది. సరిచేశాను.