రెండో చేప

కరీంనగర్‌లో మాకు చేప అంటే మానేరు డ్యాం చేపే. రవ్వ, బొచ్చె, కొరమీను. వాటిని వలలోనో తక్కెడలోనో చూశాము గాని, నీటిలో అవి ఎలా మసలుతాయో చూసినది లేదు. అందుచేత జిద్దాలో డ్రైవరుగా పనిచేస్తున్న మా పూర్వ విద్యార్థి సెలవుపై వచ్చి, ఎర్రసముద్రపు పగడపు దిబ్బల వద్ద తాను తీసిన ఛాయాచిత్రాలను మా ముందుంచినప్పుడు, అస్ర్ నమాజు తరువాత కూర్చున్నవారము మగ్రిబ్ అజాన్ వరకు లేవలేదు. (ప్రాణుల ఛాయాచిత్రాల విషయంలో ఉలమాల మధ్యనున్న భేదాభిప్రాయం పాఠకులు ఎరిగినదే. నేటి ప్రస్తావన అది కాదు.)

ఒకే చేప రెండు చిత్రాలలో ఉంది. మొదటి దానిలో బురద రంగు. రెండవ దానిలో నిప్పుకణికవంటి ఎరుపు, ఒంటినిండా నీలి చుక్కలు.

"హజ్రత్, వీటిలో ఏది నిజం?" అని అడిగి, తానే వివరించాడు. సూర్యకాంతిలోని ఎరుపును నీరు అన్నిటికంటే ముందుగా మింగివేస్తుంది. అయిదు మీటర్ల లోతుకే అది చాలావరకు పోతుంది. ఆపైన నారింజ, పసుపు సన్నగిల్లుతాయి. చివరకు మిగిలేది నీలం. లోతు ఒక్కటే కాదు, కెమెరాకూ చేపకూ నడుమనున్న నీరు కూడా ఇదే పని చేస్తుంది. మీటరులోపు చేరి టార్చి వేస్తే అదే చేప అక్కడికక్కడే ఎర్రబడుతుంది. అనగా రంగు చేపదే, దాచినది నీరు. తరువాత కంప్యూటరులో రంగులను సరిదిద్దుకోవచ్చును గాని, కెమెరాకు చేరని ఎరుపును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. బలవంతంగా పెంచితే గరుకు చుక్కలే మిగులుతాయి.

సుమారు 965లో బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ మాకు గుర్తుకు వచ్చారు. వస్తువుల నుండి కాంతి కంటికి చేరుతుందని తమ 'కితాబుల్ మనాజిర్'లో నిరూపించిన ఆ విద్వాంసుడు, కన్ను ఎక్కడెక్కడ పొరబడుతుందో కూడా ఓపికగా పరిశీలించారు. నీటిలో వంగే కాంతి గురించీ రాశారు. ఆ వంపు కారణంగానే మునిగినవాడి అద్దంలోంచి చేప మూడోవంతు పెద్దదిగా కనబడుతుంది. కన్ను చూసినదంతా నిజం కానప్పుడు, కన్ను చూడని ఎరుపును అబద్ధమని ఎలా అనగలము? రెండవ చిత్రమే నిజమన్నాము.

టార్చి వెలుగుకు నీటిలోని నలుసులు మంచు కురిసినట్లు తెల్లగా మెరుస్తాయట. వాటిని తుడిచివేశానన్నాడు. దానికీ అభ్యంతరం చెప్పలేదు. నీటి స్వచ్ఛతను పరిశీలించేవారు మాత్రం ఒప్పుకోకపోవచ్చును.

మూడవ చిత్రం అన్నిటికంటే అందమైనది. బంగారు పసుపు ఒళ్లు, కంటి వద్ద నీలి మచ్చ గల రెండు సీతాకోక చేపలు ఎదురెదురుగా ఉన్నాయి. ఎర్రసముద్రం, ఏడెన్ సింధుశాఖ దాటితే అరుదుగా కనిపించే జాతి అది. చాలాసేపు చూసిన మీదట, రెండింటి రెక్కకూ ఒకేచోట ఒకే చిరుగు కనిపించింది.

అతడు తల దించుకున్నాడు. "దొరికింది ఒకటే, హజ్రత్. దాన్నే తిప్పి అతికించాను. ఇవి జంటగా తిరిగేవే కదా, అందులో అబద్ధమేముంది?"

ఆ ప్రశ్న మమ్మల్ని కాసేపు నిలిపింది. జంటగా తిరుగుతాయన్నది నిజమే. అయితే ఆ చిత్రాన్ని అతని చెల్లెలు మరునాడు పాఠశాల సైన్సు ప్రదర్శనలో పెట్టబోతున్నది. 'మా భయ్యా చూశాడు' అని నలుగురికీ చెప్పబోతున్నది. సాక్ష్యమంటే లోకంలో సాధారణంగా జరిగేది కాదు, ఆనాడు అక్కడ జరిగినది. ఎరుపును తిరిగి ఇచ్చినప్పుడు చేప సొమ్మును చేపకు అప్పగించాడు. రెండో చేపను మాత్రం తెచ్చినది అతని కోరిక. ఈ మాట చెప్పి, అసలు చిత్రాలను చెరపక భద్రపరచమన్నాము. చెల్లెలికి చెప్పవలసినది మాత్రం తానే చెప్పాలన్నాము.

ప్రదర్శనలో ఒంటరి చేపనే పెట్టారట. "ఇవి జంటగా ఉంటాయని రాశావే, రెండోది ఏదమ్మా?" అని ఉపాధ్యాయురాలు అడిగిందట.

"భయ్యాకు ఆ రోజు కనబడలేదు టీచర్" అన్నదట ఆ పిల్ల.