రోగులే తేల్చిన నిజం

స్టీఫెన్ హేవుడ్ అమెరికా కుర్రాడు. ఇళ్లు కట్టడం, పాత ఇళ్లను బాగుచేయడం అతని వృత్తి. సుత్తి పట్టిన ఆ చేతుల్లో 29 ఏళ్లకే సత్తువ తగ్గిపోయింది. 1998లో డాక్టర్లు జబ్బు పేరు చెప్పారు... ఏఎల్ఎస్!

మోటార్ న్యూరాన్ జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. కండరాలను కదిలించే నాడీకణాలు మెదడులో, వెన్నుపాములో ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చేయి లేవదు. కాలు కదలదు. మాట ముద్దగా వస్తుంది. మెతుకు మింగుడుపడదు. చివరికి ఊపిరి తీసుకోవడమూ కష్టమే. పూర్తిగా నయంచేసే మందు ఇప్పటికీ లేదు. లక్షణాలు మొదలయ్యాక చాలామంది బతికేది రెండు నుంచి ఐదేళ్లు.

స్టీఫెన్ అన్న జేమ్స్ ఇంజినీరు. 2004లో అతనూ, తమ్ముడు బెన్, ఓ స్నేహితుడూ కలిసి 'పేషెంట్స్ లైక్ మి' అనే వెబ్‌సైట్ పెట్టారు. ఏ మందు వాడుతున్నదీ, జబ్బు ఎంత ముదిరిందీ రోగులే అందులో రాసుకోవచ్చు. నడక, రాత, మింగడం, శ్వాస... ఇలా 12 అంశాలకు మొత్తం 48 మార్కులు. నెలనెలా ఎన్ని తగ్గాయో అందరికీ కనిపిస్తుంది. 2006లో స్టీఫెన్ కన్నుమూశాడు. ఆ వెబ్‌సైట్‌కి అసలు పరీక్ష మాత్రం ఆ తర్వాతే ఎదురైంది.

2008లో ఇటలీ నుంచి ఓ వార్త. మానసిక రుగ్మతకు వాడే లిథియం ఈ జబ్బును నెమ్మదింపజేస్తోందట! ఆ అధ్యయనంలో ఉన్నది 44 మందే. వాళ్లలో లిథియం తీసుకున్నది 16 మంది. అయినా రోగులకు అదే కొండంత ఆశ. పెద్ద ప్రయోగాలు జరిగి ఫలితం తేలాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు ఎవరుంటారో, ఎవరు పోతారో! వందలమంది తమ డాక్టర్లతో రాయించుకుని లిథియం మొదలుపెట్టారు. ఊరికే మింగి ఊరుకోలేదు, మార్కులు రాస్తూ వచ్చారు. అలా మందు వాడిన 149 మందిని, అంతకుముందు అదే తీరుగా జబ్బు ముదిరినా మందు వాడనివాళ్లతో పోల్చి చూశారు. ఏడాది గడిచినా తేడా లేదు. 2011లో ఆ ఫలితం 'నేచర్ బయోటెక్నాలజీ'లో అచ్చయింది.

ఏ మందు వేసుకుంటున్నారో తెలిసి రాసిన లెక్కలు కాబట్టి పొరపాట్లకు తావుంటుంది. అందుకే పద్ధతి ప్రకారం చేసే ప్రయోగాలూ ఆగలేదు. 2013లో వచ్చిన బ్రిటన్ ప్రయోగం కూడా అదే తేల్చింది... లిథియంతో ప్రయోజనం లేదని.

చేదు కబురే. కానీ పనిచేయని మందు చుట్టూ తిరుగుతూ ఉన్న కొద్ది రోజులూ పోగొట్టుకోకుండా కాపాడే కబురు!

రోగుల మాట వినడం ఇప్పుడు ప్రయోగశాలలూ నేర్చుకుంటున్నాయి. 2020లో ఎడిన్‌బరోలో మొదలైన 'ఎంఎన్‌డీ-స్మార్ట్' ప్రయోగాన్ని ఈ జబ్బున్నవాళ్లతో చర్చించే రూపొందించారు. ఒకే ప్రయోగంలో ఒకటికి మించి మందుల్ని పరీక్షిస్తారు. దాంతో ఉత్తుత్తి మందు వచ్చే అవకాశం తక్కువ. పనిచేయనిదాన్ని తీసేసి కొత్తది చేరుస్తారు. తొలి రెండు మందులూ 2023లో అలాగే పక్కకు వెళ్లాయి. మాత్ర మింగలేనివాళ్ల కోసం మందును ద్రవంగా ఇచ్చారు.

చిన్న విషయమే అనిపిస్తుంది. గుక్కెడు నీళ్లు తాగాలన్నా భయపడే మనిషికి మాత్రం, ఆ ప్రయోగంలో తనకూ చోటుందా లేదా అన్నది తేలేది అక్కడే.