నోరు కట్టే కాగితము



దావీదు ఇంట తామారుకు జరిగిన అన్యాయం మీరు చదివే ఉంటారు. చెరిపినవాడు అమ్నోను. ఊరుకొమ్మని చెప్పినవాడు మాత్రం ఆమె సొంత అన్న అబ్షాలోము. తండ్రికి కోపం వచ్చింది గాని విచారణ జరిగినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఆ ఊరుకొమ్మనే మాటనే ఇప్పుడు కాగితం మీద రాసి, డబ్బిచ్చి సంతకం పెట్టించుకుంటున్నారు. ఇంగ్లీషులో దీని పొట్టిపేరు ఎన్‌డీఏ. (ఎన్నికల కూటమికీ దీనికీ సంబంధం లేదు.)

1998లో లండన్‌లో సినిమా నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ దగ్గర జెల్డా పెర్కిన్స్ పనిచేసేది. అతడు తనపై అత్యాచారయత్నం చేశాడని తోటి ఉద్యోగిని రొవీనా చూ చెప్పగా, ఆమె పక్షాన నిలిచింది. అతడు కాదన్నాడు. చివరకు లాయర్ల మధ్య ఒప్పందమైంది. ఇద్దరికీ కలిపి రెండున్నర లక్షల పౌండ్లు. బదులుగా జీవితాంతం మౌనం. తాను సంతకం చేసిన కాగితం నకలు కూడా పెర్కిన్స్ చేతికి ఇవ్వలేదు. 2017లో విలేకరి ఇంటికి వచ్చేదాకా చూ భర్తకే సంగతి తెలియదు. భార్యాభర్తల మధ్య ఇంత గోడ కట్టిన కాగితాన్ని ఏమనాలి?

2017లో పెర్కిన్స్ ఆ ఒప్పందాన్ని ధిక్కరించి మాట్లాడింది. 2013లో మరొక స్త్రీని చెరచినందుకు వైన్‌స్టీన్‌కు 2023లో లాస్ ఏంజెలెస్ కోర్టు 16 ఏళ్ల శిక్ష వేసింది. 1998లోనే నోళ్లు తెరిచి ఉంటే ఆ స్త్రీ తప్పించుకునేదేమో!

2021లో పెర్కిన్స్‌తో కలిసి ఇట్టి ఒప్పందాలపై ఉద్యమం మొదలుపెట్టినది కెనడా న్యాయశాస్త్ర ఆచార్యురాలు జూలీ మెక్‌ఫార్లేన్. చిన్నతనంలో ఒక ఆంగ్లికన్ పాదిరి చేత చెరచబడినట్లు ఆమె బహిరంగంగా చెప్పింది. సంఘమునకు ఇది దూరపు సంగతి కాదు. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లో 2022 నుండి, బాధితురాలు తానై కోరితే తప్ప ఇట్టి ఒప్పందం చెల్లదు. బ్రిటన్ కూడా 2025లో వీటిని కట్టడి చేసే చట్టం చేసింది.

"పిల్ల పేరు బయటపడితే పెళ్లి ఎలా?" అని తల్లులు అడుగుతారు. న్యాయమైన భయమే. ఆమె పేరు దాచడం వేరు, ఆమె నోరు నొక్కడం వేరు. మన దేశపు 2013 చట్టం ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు ప్రకటించకూడదంటుంది. రాజీ కూడా ఆమె కోరితేనే. డబ్బు ఆధారంగా రాజీ కుదర్చకూడదు.

మన మిషను బడిలోనో ఆసుపత్రిలోనో ఇట్టిది జరిగితే, పెద్దలు సంఘము పరువు పేరిట బైబిలు మీద చెయ్యి వేయించి మాట తీసుకోవడం మాకు సమ్మతం కాదు. అట్టి ప్రమాణం ప్రభువు అడగడు.

ఫిర్యాదు మూడు నెలల్లోగా ఇవ్వాలి. తగిన కారణముంటే మరో మూడు నెలలు గడువిస్తారు. పదిమందికన్నా తక్కువ పనిచేసే చోటైనా, యజమానే దోషియైనా, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. ఇళ్లలో పనిచేసే స్త్రీలకూ దారి ఇదే. రాయడం రాని స్త్రీకి ఫిర్యాదు రాయడంలో సాయపడవలసిన బాధ్యత ఆ కమిటీదే.