మాటల పుట్టుపూర్వోత్తరాలు: ‘ఓకే’ మొదలు ‘పెద్ద ఆపిల్’ వరకు

బల్ల మీదికి వచ్చిన కాగితాన్ని చదివి, సమ్మతమైతే అంచున ‘ఓకే’ అని వ్రాసి పొట్టి సంతకం పెట్టడం కార్యాలయాలలో పనిచేసేవారికి నిత్యకృత్యం. ‘సరే’ అనే చక్కని తెలుగు మాట ఉండగా ఇంటిలో పిల్లలు కూడ ‘ఓకే’ అనే అంటారు. ఇంతగా మనలో కలిసిపోయిన ఈ రెండక్షరాలు ఎక్కడివి? అమెరికాలో పుట్టి లోకసంచారం చేస్తున్న ఇటువంటి కొన్ని మాటల కథలను ఈ నెల శీర్షికలో ముచ్చటించుకుందాం. వీటిలోని చిత్రమేమంటే, జనానికి నచ్చిన కథ ఒకటి, జరిగిన సంగతి మరొకటి.

‘ఓకే’ను గురించి ప్రచారంలో ఉన్న కథలు అనేకం. అది అమెరికా ఆదివాసులైన చోక్తా జాతివారి పలుకని కొందరన్నారు. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు వర్ణక్రమం సరిగా రాదనీ, ‘ఆల్ కరెక్ట్’ అనబోయి కాగితాలపై ‘ఓ’, ‘కె’ అని వ్రాసేవారనీ మరికొందరన్నారు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యులు ఆలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలను ఓపికగా గాలించి, 1963, 1964 సంవత్సరాలలో ప్రచురించిన వ్యాసాలలో అసలు సంగతి నిరూపించారు.

1830వ దశకం చివర బోస్టన్ పత్రికలలో ఒక వేళాకోళం నడిచేది. మాటలను కావాలని తప్పుగా వ్రాసి, వాటి తొలి అక్షరాలను మాత్రమే అచ్చు వేసేవారు. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ చేసి, దానిని ‘ఓ.కె.’గా కుదించి, 1839 మార్చి 23న ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ ప్రకటించింది. ఆ తరహా పొడి అక్షరాలు మరెన్నో పుట్టి, కొద్దికాలానికే అంతరించాయి. ఇది ఒక్కటి బ్రతికి బట్టకట్టడానికి 1840 నాటి ఎన్నిక కారణమైంది. అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ స్వస్థలం కిండర్‌హుక్. ఆయనను ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని పిలుచుకొనే అనుచరులు ‘ఓ.కె. క్లబ్బు’లు పెట్టారు. ప్రత్యర్థులు ఊరుకుంటారా? ఆయనకు అండగా నిలిచిన జాక్సన్‌ను ఎగతాళి చేస్తూ, పైన చెప్పిన వర్ణక్రమం కథను అల్లి వదిలారు. ఒక రాజకీయ అపనింద అలా పదవ్యుత్పత్తిగా చెలామణి అయింది. ఎన్నికలో వాన్ బ్యూరెన్ ఓడిపోయారు. ఆ రెండక్షరాలు మాత్రం నిలిచిపోయాయి.

అమెరికా ప్రభుత్వానికి ముద్దుపేరైన ‘అంకుల్ శామ్’ కథ కూడ ఇటువంటిదే. 1812లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధకాలంలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణానికి చెందిన మాంసం వర్తకుడు శామ్యూల్ విల్సన్ సైన్యానికి సరకు సరఫరా చేశారు. పీపాలపై ఉన్న ‘యు.ఎస్.’ ముద్రను చూసి పనివారు అది అంకుల్ శామ్ అన్నమాట అని నవ్వుకొన్నారట. 1961లో అమెరికన్ కాంగ్రెస్ ఈ కథను మన్నిస్తూ తీర్మానం చేసింది. అయితే ఆ యుద్ధానికి ముందే, 1810లో, ఒక యువ నావికుడు తన దినచర్య పుస్తకంలో ఈ పేరు వ్రాసుకొన్నట్లు తరువాత బయటపడింది. తీర్మానం చరిత్రను మార్చలేదు కదా!

తిండి పదార్థాల పేర్ల సంగతి చూద్దాం. ‘హాంబర్గర్’లో ‘హామ్’ అనే పంది మాంసం లేదు. ఆ పేరు జర్మనీలోని హాంబర్గ్ నగరం నుండి వచ్చింది. జనం ఆ మాటను నడిమికి విరిచి ‘బర్గర్’ను వేరు చేశారు. ‘హాట్ డాగ్’ విషయంలో, టాడ్ డోర్గన్ అనే వ్యంగ్య చిత్రకారుడు ఆట మైదానంలో అమ్మే సాసేజీని పొడుగాటి జర్మన్ కుక్కగా గీసి, దాని జాతి పేరు వ్రాయడం రాక ‘హాట్ డాగ్’ అన్నాడని చెబుతారు. ఎంత వెదికినా ఆ బొమ్మ దొరకలేదు. సాసేజీలలో ఏ జంతువు మాంసం కలుస్తున్నదో అనే అనుమానంతో 1890లలోనే విద్యార్థులు ఈ మాటతో హాస్యమాడినట్లు ఆధారాలున్నాయి.

అన్నింటికంటె ఆలోచింపజేసేది న్యూయార్క్ నగరానికి వచ్చిన ‘బిగ్ ఆపిల్’, అనగా ‘పెద్ద ఆపిల్’ అనే పేరు. 1920లలో గుర్రపు పందాల విలేఖరి జాన్ ఫిట్జ్ జెరాల్డ్ దీనిని తన శీర్షిక ద్వారా ప్రచారంలోకి తెచ్చారు. తనకు ఈ మాట ఎలా దొరికిందో 1924లో ఆయనే చెప్పారు. న్యూ ఆర్లియన్స్ పందెపు మైదానంలో ఇద్దరు నల్లజాతి గుర్రపుశాల పనివారు మాట్లాడుకొంటున్నారు. తాము పెద్ద ఆపిల్‌కు వెళుతున్నామని ఒకతను గర్వంగా అన్నాడు. పెద్ద బహుమతులుండే న్యూయార్క్ పందాలే ఆ ఆపిల్. ఆ బక్క గుర్రాలను మేపకపోతే నడిమి గింజలే దక్కుతాయని రెండవవాడు పరిహసించాడు. 1930లలో జాజ్ సంగీతకారులూ, 1970లలో పర్యాటక ప్రచారకులూ ఆ పేరును దిగంతాలకు చేర్చారు. 1997లో, ఫిట్జ్ జెరాల్డ్ నివసించిన వీధి మూలకు నగరం ‘బిగ్ ఆపిల్ కార్నర్’ అని పేరు పెట్టింది. ఆ ఇద్దరు పనివారి పేర్లను మాత్రం ఆయన వ్రాయలేదు. మహానగరానికి పేరిచ్చినవారికి ఆపిల్‌లో దక్కినది గింజలే!

చివరిగా, ఉద్యోగులందరికీ పనికివచ్చే నానుడి ఒకటి. పేకాటలో పంచే వంతు ఎవరిదో తెలిపే గుర్తును ‘బక్’ అనేవారు. పంచడం ఇష్టంలేనివాడు దానిని పక్కవాని ముందుకు జరిపేవాడు. బాధ్యతను మరొకరి మీదికి నెట్టడానికి ‘బక్ పాస్ చేయడం’ అనే మాట అలా వచ్చింది. ఫైలును ఒక బల్ల నుండి మరొక బల్లకు జరపడం ఎరిగిన మనకు ఇది వేరే వివరించనక్కరలేదు. అధ్యక్షుడు హారీ ట్రూమన్ బల్ల మీద 1945 నుండి ఒక చిన్న ఫలకం ఉండేది. ‘బక్ ఇక్కడే ఆగుతుంది’ అని అర్థమిచ్చే మాటలు దాని మీద ఉండేవి. తుది బాధ్యత నాదే అని భావం.

ఆ ఫలకం రెండవ వైపున ‘నేను మిస్సోరీవాడిని’ అని ఉండేది. ఆ రాష్ట్రంవారు కళ్ళారా చూపిస్తే గాని దేనినీ నమ్మరని అమెరికాలో ప్రతీతి. ఫలకానికి రెండు వైపులా ఉన్న ఈ రెండు మాటలూ మనకు అవసరమే అని మా అభిప్రాయం. ఎంత కమ్మని కథనైనా ఆధారం అడగాలి. ఆ ఆధారం వెదికే శ్రమను పక్కవారి మీదికి నెట్టరాదు. అప్పుడే ఎవరికి చెందవలసిన పేరు వారికి చెందుతుంది.